రోళ్లపాడు గడ్డిలో దూరాన ఉన్న పిట్టను చూడాలంటే ఏ స్కోపు కొనాలి

అడవిలో పిట్ట పది, ఇరవై మీటర్ల దూరంలో కొమ్మ మీద కూర్చుంటుంది. నంద్యాల జిల్లాలోని రోళ్లపాడు గడ్డినేలలో అలా కాదు. చెట్టు లేదు, చాటు లేదు. మనం బండి దిగేలోపే మూడు వందల మీటర్ల అవతల కృష్ణజింక తల ఎత్తి మనవైపే చూస్తూ ఉంటుంది. బట్టమేక పిట్టను (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కాపాడుకోవాలని 1988లో ఆ 614 హెక్టార్ల గడ్డినేలను అభయారణ్యం చేశారు. బట్టమేక గుడ్డు పెట్టేది నేల మీదే. మనిషి దగ్గరికి పోతే గూడు వదిలి లేచిపోతుంది. నేనింతవరకు బట్టమేకను చూడలేదు. అక్కడ గొర్రెలు కాచే పెద్దవాళ్లు చూశారు, వాళ్లు చెబుతుంటే వింటాను. ఇప్పుడున్న పిట్టలనైనా బెదరగొట్టకుండా చూడాలన్నదే నా పట్టుదల. దూరం నుంచి చూసే స్కోపు, అంటే స్టాండు మీద పెట్టి ఒక కంటితో చూసే దుర్భిణి, అవసరమైంది అందుకే.

నేను కర్నూలు దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. అయినా మొదటి స్కోపు కొన్నప్పుడు తప్పు చేశాను. ఆన్‌లైన్‌లో 20-60x60 (20 నుంచి 60 రెట్ల జూమ్, ముందు గాజు 60 మిల్లీమీటర్లు) అని చూసి, అరవై రెట్లు దగ్గరగా కనిపిస్తుంది కదా అని తెప్పించుకున్నాను. ఫిబ్రవరిలో ఒక ఆదివారం పదకొండు గంటలకు గడ్డి అంచున పెట్టి జూమ్ చివరిదాకా తిప్పాను. జింక కాళ్లు నీళ్లలో నానుతున్నట్టు వంకర్లు పోతున్నాయి, ముఖం మసకగా ఉంది. పక్కనే ఉన్న కాపరి "టీచరమ్మా, ఆ గొట్టంలో ఏం కనిపిస్తాంది?" అని అడిగి, తానూ కన్ను పెట్టి చూసి, "ఉడికే ఎసరు మాదిరి ఉంది గదమ్మా" అన్నాడు. ఆయన మాట అక్షరాలా నిజం.

నేల కాగితే దాన్ని ఆనుకున్న గాలి వేడెక్కి పలచబడి పైకి లేస్తుంది. పలచని గాలిలో కాంతి ఒకలా వంగుతుంది, చల్లని గాలిలో ఇంకోలా వంగుతుంది. పదో తరగతి పాఠమే. రోడ్డు మీద ఎండమావి కనిపించడానికీ, స్కోపులో బొమ్మ వణకడానికీ కారణం ఇదే. స్కోపు పిట్టను మాత్రమే పెద్దది చేయదు, ఆ వణుకునూ అన్ని రెట్లు పెద్దది చేస్తుంది. ఎంత ఖరీదైన గాజైనా మధ్యలో ఉన్న గాలిని బాగుచేయలేదు. మన ప్రాంతంలో చలికాలంలో కూడా తొమ్మిది, తొమ్మిదిన్నర దాటాక 25, 30 రెట్లకు మించి నాకు పనికిరాలేదు. కాబట్టి 60 అనే అంకెకు డబ్బు పెట్టకండి. 20 నుంచి 30 మధ్య బొమ్మ ఎంత స్పష్టంగా ఉందో చూసి కొనండి. పొద్దు పొడవకముందే అక్కడికి చేరండి. వీలైతే కాస్త ఎత్తు మీద నిలబడి చూడండి, చూపు నేలబారు వేడిగాలిలోంచి పోయే దూరం తగ్గుతుంది.

అసలు స్కోపు కంటే ముందు బైనాక్యులర్ ఉండాలి. నేను 8x42 వాడతాను. 8 అంటే ఎన్ని రెట్లు, 42 అంటే ముందు గాజు వెడల్పు మిల్లీమీటర్లలో. 42ను 8తో భాగిస్తే 5.25. బైనాక్యులర్‌ను చెయ్యి చాచి వెలుతురు వైపు పట్టుకుంటే కంటి గాజులో ఒక గుండ్రటి వెలుగు చుక్క కనిపిస్తుంది, దాని వెడల్పే ఈ 5.25 మిల్లీమీటర్లు. మా పిల్లలతో స్కేలు పెట్టి కొలిపిస్తాను, లెక్కకు సరిపోతే వాళ్ల ముఖాలు వెలిగిపోతాయి. పట్టపగలు మన కంటిపాప రెండు, మూడు మిల్లీమీటర్లకు కుంచించుకుంటుంది కాబట్టి అప్పుడు చిన్న చుక్క సరిపోతుంది. సాయంత్రం వెలుతురు తగ్గేకొద్దీ పాప విచ్చుకుంటుంది. అప్పుడు చుక్క చిన్నదైతే బొమ్మ చీకటిగా ఉంటుంది.

రోళ్లపాడులో ఈ లెక్క చాలా ముఖ్యం. చలికాలంలో హ్యారియర్ గద్దలు రాత్రి పడుకోవడానికి గడ్డిలోకి దిగేది పొద్దు వాలే వేళ. పాలిడ్, మాంటేగు జాతుల ఆడపిట్టలు రెండూ గోధుమ రంగే, ముఖం మీద, మెడ చుట్టూ ఉండే చారలను బట్టే తేడా తెలుసుకోవాలి. ముందు గాజు 80 మిల్లీమీటర్లున్న స్కోపును 20 రెట్ల దగ్గర ఉంచితే చుక్క 4 మిల్లీమీటర్లు, అదే 60కి తిప్పితే 1.3 మాత్రమే. ఆ చీకట్లో చారలేం కనిపిస్తాయి? పైగా 20 దగ్గర కిలోమీటరు దూరంలో సుమారు 35 మీటర్ల వెడల్పు కనిపిస్తే, 60 దగ్గర అందులో సగం వరకే కనిపిస్తుంది. ఎగిరే గద్దను అంత ఇరుకులో పట్టుకోలేం.

65 మిల్లీమీటర్ల స్కోపు కొనాలా, 80ది కొనాలా అంటే, ఎలా వెళ్తారో చూసుకోండి. కారు ఉంటే 80 తీసుకోండి, సాయంత్రాలు కలిసొస్తాయి. నాలాగా నందికొట్కూరు దాకా బస్సులో వెళ్లి అక్కడి నుంచి బండి మీద పోయేవాళ్లకు 65 చాలు. కంటి గాజు ఏటవాలుగా వంగి ఉన్న రకమే నేను చెబుతాను. స్టాండు తక్కువ ఎత్తులో పెట్టుకోవచ్చు. పొట్టి పిల్లలు, పొడుగు పెద్దలు ఎత్తు మార్చకుండానే చూడవచ్చు.

షాపులో ఒక్కటైనా పట్టుకుని చూసే అవకాశం ఉంటే బయటికి తీసుకొచ్చి ఆకాశం ముందున్న కరెంటు తీగను చూడండి. తీగ అంచుల వెంట ఊదా, ఆకుపచ్చ రంగు గీతలు కొట్టొచ్చినట్టు కనిపిస్తే గాజు మంచిది కాదు. ఈడీ గాజు (రంగులు విడిపోవడాన్ని తగ్గించే ప్రత్యేక గాజు) ఉన్నవాటిలో ఆ రంగు బాగా తగ్గుతుంది. తర్వాత ఇందాక చెప్పిన వెలుగు చుక్క చూడండి. అది గుండ్రంగా కాకుండా నాలుగు వైపులా కోసినట్టు పలకగా ఉంటే లోపలి పట్టకం నాసిరకం. కళ్లద్దాలు ఉన్నవాళ్లు ఐ రిలీఫ్ (బొమ్మ పూర్తిగా కనిపించేలా కంటి గాజుకూ కంటికీ మధ్య ఉండగల దూరం) కనీసం 15 మిల్లీమీటర్లు ఉందో లేదో అడగాలి, 17, 18 ఉంటే ఇంకా హాయి. బైనాక్యులర్ అయితే ఐదు నిమిషాలు ఆపకుండా చూడండి. తలనొప్పిగా అనిపించినా, రెండు బొమ్మలు విడివిడిగా కనిపించినా ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు.

రైఫిల్ స్కోపు తక్కువ ధరకు దొరుకుతోంది, కొనొచ్చా అని మా పాత విద్యార్థి ఒకడు అడిగాడు. వద్దన్నాను. తుపాకీ వెనక్కి తన్నినప్పుడు కంటికి తగలకుండా దాన్ని కంటికి ఎనిమిది, పది సెంటీమీటర్ల దూరం నుంచి చూసేలా చేస్తారు. చేత్తో పట్టుకుని అంత దూరంలో కన్ను నిలపడం కష్టం, కనిపించే వెడల్పూ తక్కువ, మధ్యలో గురి గీతలు అడ్డం. అది గురి చూడటానికి చేసిన వస్తువు, గంటలకొద్దీ వెతకడానికి కాదు. అభయారణ్యం దగ్గర అలాంటిది చేతిలో ఉంటే అటవీ సిబ్బంది అనుమానించడమూ న్యాయమే. నక్షత్రాలు చూసే టెలిస్కోపూ వద్దు, చాలావాటిలో బొమ్మ తలకిందులుగా ఉంటుంది.

ఇక స్టాండు. స్కోపుకు ఎంత ఆలోచిస్తారో దీనికీ అంత ఆలోచించండి. మన గాలికి తేలికపాటి ఫోటో స్టాండు వణుకుతుంది, స్టాండు వణికితే 20 రెట్లు కూడా వృథా. నేను పెళ్లి వీడియోలు తీసే ఒకతని దగ్గర పాత వీడియో ట్రైపాడ్ సగం ధరకు కొన్నాను. దాని తల నూనెలో తిరిగినట్టు మెత్తగా తిరిగి ఎక్కడ వదిలితే అక్కడ ఆగుతుంది. గాలి ఎక్కువైనప్పుడు కాళ్లు పొడవుగా లాగను, నేల మీద కూర్చుని చూస్తాను, మధ్య కడ్డీకి నీళ్ల సీసా ఉన్న సంచి తగిలిస్తాను.

లోపల నైట్రోజన్ నింపి మూసినదైతే వాన తడికి గాజు లోపల పొగ పట్టదు, జూలై, ఆగస్టుల్లో వెళ్లేవాళ్లు అది చూసుకోవాలి. ఇంటికొచ్చాక గాజును చీర కొంగుతోనో, చొక్కాతోనో తుడవకండి. మన దుమ్ములో సన్న ఇసుక ఉంటుంది, గాజు పూత మీద గీతలు పడతాయి. ముందు రబ్బరు బుడ్డితో గాలి ఊది, మెత్తని బ్రష్‌తో దులిపి, ఆ తర్వాతే లెన్సు గుడ్డతో మధ్య నుంచి అంచులకు తుడవండి.