టీనేజీ పిల్లల తేలికపాటి మొటిమలు: ఇంట్లో ఎలా చూసుకోవాలి?

ఎనిమిదో తరగతి ప్రాంతంలో మొదలై ఇంటర్ దాకా, కొందరికి డిగ్రీ దాకా మొటిమలు వస్తూ పోతూ ఉంటాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వీటికి మందు చెప్పని మనిషి ఉండరు. ఒకరు నిమ్మరసం రాయమంటారు, ఒకరు టూత్‌పేస్ట్ పెట్టమంటారు, ఇంకొకరు మెడికల్ షాపులో ఫలానా ట్యూబు అడగమంటారు. మొటిమలు వాటి మానాన అవి తగ్గుతాయి గానీ, ఈ సలహాలతో పాడైన చర్మం కుదుటపడటానికి చాలా కాలం పడుతుంది. తేలికపాటి మొటిమలకు కావలసింది ఒక ఫేస్‌వాష్, ఒక జెల్, ఒక మాయిశ్చరైజర్, మూడు నెలల ఓపిక.

ముందు అవి మొటిమలేనా చూడండి

యుక్తవయసులో హార్మోన్ల వల్ల చర్మంలోని నూనె గ్రంథులు పెద్దవవుతాయి. ఆ నూనె, చచ్చిన చర్మకణాలు కలిసి రంధ్రాలకు అడ్డుపడతాయి. రంధ్రం మూసుకుని ఉంటే తెల్లటి పొక్కు, తెరుచుకుని ఉంటే నల్లటి చుక్క కనిపిస్తుంది. ఆ నలుపు మురికి కాదు, కాబట్టి ఎంత రుద్దినా పోదు. లోపల బ్యాక్టీరియా పెరిగి వాస్తే ఎర్రటి మొటిమ అవుతుంది. ఇలాంటివి కొన్నే ఉండి, లోతుగా గడ్డలు లేకపోతే తేలికపాటివే.

వేసవిలో మామిడి సొన అంటి పెదాల చుట్టూ లేచే పొక్కులు మొటిమలు కావు. పలాస వైపు జీడి పిక్కల పని ఉన్న ఇళ్లలో, జీడి అంటిన చేత్తో ముఖం ముట్టుకుంటే చర్మం కాలినట్టు అవుతుంది, అదీ వేరే. నుదుటి మీద అన్నీ ఒకే సైజులో, బాగా దురదగా ఉంటే ఫంగస్ కావచ్చు. సముద్రం ఒడ్డున ఉక్కకు, చెమటకు అది పెరుగుతుంది. మొటిమల మందుతో తగ్గదు, డాక్టరుకు చూపించాలి.

ముఖం కడగడం, తలనూనె

ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి ఘాటు లేని ఫేస్‌వాష్‌తో చేతివేళ్లతోనే కడగండి. ఆటలాడి చెమట పడితే మరోసారి. అంతకు మించి వద్దు. బట్టల సబ్బు, పీచు, స్క్రబ్ వద్దు. చర్మం ఎండిపోతే మందు తట్టుకోలేదు. కడిగాక జిడ్డు లేని మాయిశ్చరైజర్ పల్చగా రాయాలి. జిడ్డు ముఖానికి మళ్లీ క్రీము ఎందుకని పిల్లలు అడుగుతారు. జెల్ వాడేటప్పుడు మంట, పొట్టు లేవకుండా ఉండటానికే అది.

తలనూనె గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. ఉద్దానం కొబ్బరి నూనె ఇంట్లో ఉంటే అమ్మమ్మలు చేతినిండా తీసుకుని తలకు పట్టించి జడ వేస్తారు. ఆ నూనె నుదుటి మీదకు, చెంపల పక్కకు జారుతుంది, రాత్రి దిండుకు అంటుతుంది. నుదుటి మీద, జుట్టు అంచు వెంబడి మాత్రమే మొటిమలు ఉంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. నూనె మానక్కర్లేదు. తలస్నానానికి గంట ముందు పెట్టి, షాంపూతో కడిగేస్తే చాలు. దిండు గలీబు వారానికి రెండుసార్లు మార్చండి.

జెల్ రాయడం

ఎర్రటి మొటిమలు ఎక్కువగా ఉంటే బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం జెల్, నల్ల చుక్కలు, తెల్ల పొక్కులు ఎక్కువగా ఉంటే అడాపలీన్ 0.1 శాతం జెల్ వాడతారు. ఏది సరిపోతుందో ఒక్కసారి డాక్టరును అడిగి రాయించుకోండి. గర్భంతో ఉన్నవారు అడాపలీన్ వాడకూడదు.

రాత్రి ముఖం కడిగి, తడి పూర్తిగా ఆరాక, శనగ గింజంత జెల్ తీసుకుని మొటిమలు వచ్చే భాగమంతా పల్చగా రాయాలి. ఉన్న మొటిమ మీద చుక్క పెడితే సరిపోదు, రాబోయేవాటిని ఆపడమే ఈ మందు పని. కళ్లకు, పెదాలకు, ముక్కు మూలలకు దూరంగా ఉంచండి. మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు, ఆ తర్వాత రోజూ. బెంజాయిల్ పెరాక్సైడ్ రంగు బట్టలను వెలిసేలా చేస్తుంది, తెల్ల తువ్వాలు వాడండి.

అడాపలీన్ మొదలుపెట్టిన కొద్ది వారాల్లో మొటిమలు కాస్త పెరిగినట్టు కనిపించవచ్చు. చాలామంది మానేసేది అక్కడే. తేడా తెలియడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవం విజయదశమి తర్వాతి మంగళవారం. ఆ రోజుకి చుట్టాల ముందు ముఖం బాగుండాలంటే ఆషాఢంలోనే మొదలుపెట్టాలి, దసరా సెలవుల్లో మొదలుపెడితే అందదు.

మెడికల్ షాపు ట్యూబు

ఇది మాత్రం ఇంట్లో అందరూ చదవండి. "మొఖానికేటైనా మంచి ట్యూబు ఇవ్వండి" అని అడిగితే కొన్ని దుకాణాల్లో స్టెరాయిడ్ కలిసిన క్రీము చేతికొస్తుంది. పేరు చివర ఏమున్నా, వెనక అట్ట మీద బెటామెథాసోన్, క్లోబెటాసాల్, మోమెటాసోన్ అని ఉంటే ముఖానికి రాయకండి. మొదట్లో ఎరుపు తగ్గి, రంగు తేలి, అద్భుతంగా పనిచేసినట్టే ఉంటుంది. కొన్ని వారాలకు చర్మం పల్చబడి, రక్తనాళాలు బయటికి కనిపించి, ఎండలోకి వెళితే మండుతుంది. మానేస్తే గుంపుగా మొటిమలు తిరగబడతాయి, దాంతో పిల్లలు భయపడి మళ్లీ అదే రాస్తారు. 2018లో కేంద్రం చాలా స్టెరాయిడ్ క్రీములను ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మకూడదని నిబంధన తెచ్చింది. ఇప్పటికే నెలల తరబడి వాడుతుంటే ఒక్కసారిగా ఆపకుండా చర్మ డాక్టరు దగ్గరికి వెళ్లండి.

యాంటీబయాటిక్ జెల్ ఒక్కటే నెలల తరబడి రాసినా బ్యాక్టీరియా దానికి లొంగడం మానేస్తుంది. నిమ్మరసం, వంటసోడా, టూత్‌పేస్ట్ చర్మాన్ని కాల్చి నల్ల మచ్చ మిగులుస్తాయి.

తిండి, గిల్లడం, మాటలు

"వేడి చేసింది" అని మామిడిపండు, జీడిపప్పు మాన్పించడానికి గట్టి ఆధారం లేదు. తియ్యటి కూల్‌డ్రింకులు, బిస్కట్లు, స్వీట్లు, కొందరిలో పాలు, జిమ్ కుర్రాళ్లు తాగే వే ప్రొటీన్ పొడి మొటిమలను పెంచవచ్చు. అనుమానం ఉన్నదాన్ని కొన్ని వారాలు తగ్గించి చూడండి.

గిల్లితే లోపలి వాపు ఇంకా లోతుకు పోయి గుంట పడుతుంది. మన చామనఛాయ చర్మానికి మొటిమ పోయాక నల్ల మచ్చ ఉండిపోవడం మామూలే. నెలల్లో అది దానంతట అదే వెలుస్తుంది, గుంట మాత్రం పూడదు. మచ్చ ముదరకుండా పగలు జిడ్డు లేని సన్‌స్క్రీన్ రాయండి.

పెళ్లిళ్లలో "ఏటమ్మా, మొఖం అలాగైపోయింది?" అని అడిగే పెద్దవాళ్లను తల్లిదండ్రులే పక్కకు పిలిచి చెప్పాలి. ఆ ఒక్క మాటకు ఫొటోల్లోంచి తప్పుకునే, కాలేజీకి సెలవు పెట్టే పిల్లలున్నారు. ఆ టెన్షన్ చిన్నదని తీసిపారేయకండి.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు?

12 వారాలు సరిగ్గా వాడినా తగ్గకపోయినా, నొప్పితో గడ్డలు లేచినా, గుంటలు పడుతున్నా, పిల్లలు ముఖం చూపించడానికే వెనుకాడుతున్నా ఆలస్యం చేయకండి. అమ్మాయిలకు నెలసరి తప్పుతూ, గడ్డం మీద వెంట్రుకలు వస్తుంటే హార్మోన్ల సమస్య ఉందేమో చూపించాలి. శ్రీకాకుళంలో ఇప్పటికీ అందరూ రిమ్స్ అనే పిలిచే ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీ ఉంది. వెళ్లేటప్పుడు ఇంతవరకూ రాసిన ట్యూబులు, ఖాళీ అయినవి సహా, ఒక సంచిలో వేసి తీసుకెళ్లండి. పేర్లు గుర్తు లేకపోయినా అట్ట చూసి డాక్టరు గ్రహిస్తారు.