రాష్ట్ర బడ్జెట్‌ని ఉద్దెర ఖాతాలా చదవడం ఎలా

తెలంగాణలో, నల్గొండ జిల్లా దేవరకొండ వైపు ఒక మండల కేంద్రంలో నాకు సిమెంటు, ఇనుము షాపు ఉంది. మా బావ ఒక టర్ము సర్పంచిగా చేసి ఊళ్లో సీసీ రోడ్డు, మోరీలు వేయించాడు, సిమెంటు మొత్తం నా దగ్గరే ఉద్దెర. 2024 మొదట్లో పదవీకాలం అయిపోయింది గానీ బిల్లులు రాలేదు. అడిగితే "బడ్జెట్‌ల పెట్టిన్రు బామ్మర్ది, వస్తయి తియ్" అనేవాడు. రెండు మార్చిలు అదే మాట విన్నాక, అసలు బడ్జెట్‌లో ఏం పెట్టారో నేనే చూద్దామని కూర్చున్నా. చదివింది బీకాం, అదీ అత్తెసరు మార్కులతో. కాబట్టి నాకు అర్థమైందంటే మీకూ అవుతుంది.

ముందే ఒక మాట చెప్పేస్తా, నేను మార్కెట్ వైపు మనిషిని. సర్కారు ఎంత తక్కువ పనులు పెట్టుకుంటే అంత బాగా చేస్తుందని నమ్ముతా. 1952లో కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డిని నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో పార్లమెంటుకి పంపిన జిల్లాలో కూర్చుని ఈ మాట అంటే హోటల్ దగ్గర టీ పోసేవాడు కూడా అదోలా చూస్తాడు. అయినా 1959లో రాజాజీ మార్కెట్ వైపు నిలబడే స్వతంత్ర పార్టీ పెడితే దానికి అధ్యక్షుడైంది మన తెలుగు రైతు నాయకుడు ఎన్.జి. రంగానే, ఇదేం పరాయి సరుకు కాదు. మీరు ఏ వైపు వాళ్లయినా సరే, లెక్క చదివే పద్ధతి ఒక్కటే.

పుస్తకాలు రాష్ట్ర ఆర్థిక శాఖ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంటాయి. మంత్రి ప్రసంగం జోలికి ముందు వెళ్లకండి, అది పెళ్లి పత్రిక లాంటిది, విందులో ఏం వడ్డించారో అందులో ఉండదు. పద్దుల పుస్తకం తెరిస్తే ప్రతి పద్దుకీ నాలుగు కాలమ్‌లు కనిపిస్తాయి. 2025-26 పుస్తకమే తీసుకుంటే, మొదటిది 2023-24లో నిజంగా ఖర్చయిన లెక్క, రెండోది 2024-25 బడ్జెట్ అంచనా, మూడోది అదే ఏడాదికి సవరించిన అంచనా, నాలుగోది 2025-26 కొత్త అంచనా. పేపర్లలో హెడ్డింగులు వచ్చేది నాలుగో కాలమ్ నుంచి. మీరు చూడాల్సింది మొదటిది. షాపులో కూడా అంతే కదా, "వచ్చే నెల 2 లక్షలు కడతా" అన్నవాడి మాట కాదు, పోయినసారి ఎంత కట్టాడో ఖాతా తిరగేసి చూస్తాం.

ఇందులో ఏ పార్టీకీ మినహాయింపు లేదు. దళితబంధుకి 2022-23లో 17,700 కోట్లు రాశారు, మళ్లీ 2023-24లో అదే 17,700 కోట్లు రాశారు, ఆ డబ్బు ఆ స్థాయిలో ఊళ్లకు రాలేదు. ప్రభుత్వం మారాక 2024లో రుణమాఫీకి 31 వేల కోట్లు అవుతుందన్నారు, తర్వాత సర్కారే చెప్పిన లెక్క ప్రకారం మాఫీ అయింది 20 వేల కోట్ల పైచిలుకు. ఎవరి జెండా మోసేవాళ్లు ఎదుటివాళ్ల అంకె ఒక్కటే గుర్తుపెట్టుకుంటారు, మీరు రెండూ రాసుకోండి.

ఇప్పుడు నెంబర్లు. పద్దులన్నింటికీ నాలుగంకెల నెంబర్ ఉంటుంది, దాన్ని చూసి భయపడక్కర్లేదు, మొదటి అంకె ఒక్కటి తెలిస్తే సగం పని అయినట్టే. 0 లేదా 1తో మొదలైతే ఆదాయం. 2 లేదా 3 అయితే రెవెన్యూ వ్యయం, అంటే జీతాలు, పింఛన్లు, సబ్సిడీలు, మిత్తి, ఖర్చు పెట్టగానే అయిపోయేవి. 4 లేదా 5 అయితే మూలధన వ్యయం, రోడ్లు, కాలువలు, బిల్డింగులు. 6, 7 అంటే అప్పులు, తెచ్చినవి, ఇచ్చినవి, తిరిగి కట్టినవి. ఉదాహరణకి 2049 మిత్తి, 2071 రిటైరైన ఉద్యోగుల పెన్షన్లు, 4700 భారీ నీటి ప్రాజెక్టులు, 0039 మద్యం మీద ఎక్సైజు. ఏ కొత్త స్కీమైనా ప్రకటించినప్పుడు అది 2లో ఉందా 4లో ఉందా అని చూడండి, పేరులో "అభివృద్ధి" అని ఉన్నా 2లో ఉంటే అది పంపకమే.

దీన్ని మొత్తం మీద వేసి చూద్దాం. 2025-26 బడ్జెట్ 3,04,965 కోట్లు. అందులో రెవెన్యూ వ్యయం 2,26,982 కోట్లు, మూలధన వ్యయం 36,504 కోట్లు. 100 రూపాయల్లో 74 పైన రోజువారీ ఖర్చుకి, 12 కట్టడాలకి, మిగిలిన 14కి కాస్త తక్కువ పాత అప్పులు తీర్చడానికి, కొత్తగా అప్పులివ్వడానికి. మా ఇంట్లో ఇలా లెక్క తేలితే మా ఆవిడ నన్ను షాపులో కూర్చోనివ్వదు.

అదే పుస్తకంలో నన్ను రెండు రోజులు తికమక పెట్టిన సంగతి ఒకటుంది. రెవెన్యూ మిగులు, అంటే రెవెన్యూ ఆదాయంలో రోజువారీ ఖర్చు పోగా మిగిలింది, 2,738 కోట్లు అంటారు. పక్క పేజీలోనే ద్రవ్య లోటు, అంటే మొత్తం ఖర్చుకి అప్పు తేవాల్సినంత, 54,009 కోట్లు అంటారు. మిగులు ఉన్నవాడికి లోటేంటి? లెక్క విప్పితే తెలుస్తుంది. కట్టడాల ఖర్చు 36,504 కోట్లలోంచి మిగులు తీసేస్తే 33,766 కోట్లు. అయినా 54,009కి ఇంకా 20 వేల కోట్లు తక్కువ. ఆ 20 వేల కోట్లు సర్కారు ఇతరులకి, సాధారణంగా తన కార్పొరేషన్లకే, ఇచ్చే అప్పులు. అప్పు అని రాస్తే అది రెవెన్యూ వ్యయం కిందికి రాదు, మిగులు మిగులుగానే ఉంటుంది. ఆ కార్పొరేషన్ తిరిగి కడితే మంచిదే. కట్టే సొమ్ము లేని కార్పొరేషన్ అయితే మాత్రం, అల్లుడికి ఇచ్చిన డబ్బుని ఖాతాలో "రావలసినవి" కింద రాసుకోవడమే.

పుస్తకంలోకి రాని అప్పుల సంగతి ఇంకా పెద్దది. కాళేశ్వరం, మిషన్ భగీరథ లాంటి వాటికి కార్పొరేషన్లు పెట్టి వాటి పేరు మీద అప్పు తెచ్చారు, సర్కారు జమానతు ఉంది. 2023 డిసెంబర్‌లో కొత్త ప్రభుత్వం శ్వేతపత్రం పెట్టి మొత్తం అప్పు 6,71,757 కోట్లు అంది. అందులో రాష్ట్రాల అప్పుకి పరిమితి పెట్టే ఎఫ్‌ఆర్‌బీఎం చట్టం లెక్కలోకి వచ్చే అప్పు 3,89,673 కోట్లే, మిగతాదంతా కార్పొరేషన్లది. పాత ప్రభుత్వం వాళ్లు ఈ లెక్క తప్పన్నారు, ఆస్తులు చూపించకుండా అప్పులే చూపిస్తున్నారని వాళ్లూ ఒక పత్రం విడుదల చేశారు. వాళ్ల వాదనలో పస ఉంది కూడా, ఫ్లోరైడ్‌తో నడుములు వంగిపోయిన మర్రిగూడ మండలానికి నల్లా నీళ్లు రావడం ఆస్తి కాదని నేననను. కానీ నల్లా నీళ్ల మీద బిల్లు రాదు, బిల్లు లేని కార్పొరేషన్ అప్పు ఎలా కడుతుంది? అందుకే జమానతుల పట్టిక తప్పకుండా చూడండి. 2022 నుంచి కేంద్రం ఇలాంటి అప్పుల్ని కూడా రాష్ట్రం పరిమితిలో కలిపి లెక్కేస్తోంది కాబట్టి దాచడం కొంచెం కష్టమైంది.

ఆదాయం వైపు త్వరగా చూసేయొచ్చు. జీఎస్టీ వచ్చాక రాష్ట్రం చేతిలో సొంతంగా మిగిలిన పన్నులు తక్కువ: పెట్రోలు, డీజిలు, మద్యం, రిజిస్ట్రేషన్లు, వాహనాలు. మన దగ్గర పెట్రోలు మీద వ్యాట్ 35.2 శాతం, డీజిలు మీద 27. వైన్స్ టెండరు దరఖాస్తుకి 2023లో 2 లక్షలు, 2025లో 3 లక్షలు, షాపు రాకపోయినా తిరిగివ్వరు. ఒక్కసారి వచ్చి మళ్లీ రాని డబ్బుని వేరుగా గుర్తుపెట్టుకోండి. భూముల వేలం, 2023లో ఔటర్ రింగ్ రోడ్డుని 30 ఏళ్లకి 7,380 కోట్లకు లీజుకివ్వడం అలాంటివే. ప్రైవేటు వాడు రోడ్డు నడపడం నాకు ఇష్టమే, కానీ 30 ఏళ్ల కిరాయి ఒకేసారి తీసుకుని ఆ ఏడాది జీతాలకి వాడితే దాన్ని సంస్కరణ అనను.

ఇక అసలు పని, ఒక్కో స్కీమును తూకం వేయడం. నేను మూడు అడుగుతా: ధర చెడగొడుతుందా, ఎవరి చేతికి పోతుంది, ఇదే డబ్బు రైతు దగ్గరో వ్యాపారి దగ్గరో ఉంటే ఏమయ్యేది. ఉచిత కరెంటు తీసుకోండి. సాగుకి 2004 నుంచి ఉచితం, 2018 జనవరి నుంచి 24 గంటలు. బడ్జెట్‌లో కనపడేది డిస్కంలకు, అంటే కరెంటు పంపిణీ కంపెనీలకు, ఇచ్చే సబ్సిడీ. కనపడనిది మా పక్క పొలాల్లో ఉంది. కరెంటు ధర సున్నా అయితే ఆటో స్టార్టర్ పెట్టి రాత్రంతా వదిలేస్తారు, నీళ్లు కిందికి పోతాయి, బోరు ఇంకో 200 అడుగులు వేయించాలి, ఆ ఖర్చు రైతుదే, అది ఏ పద్దులోనూ రాదు. పక్కాయన అలా మూడు బోర్లు వేసి బత్తాయి తోట తీసేశాడు. ఇప్పుడు సన్నవడ్లకి క్వింటాల్‌కి 500 బోనస్ ఉంది కాబట్టి అదే పొలంలో వరి. నీళ్లు తక్కువున్న చోట నీళ్లు తాగే పంటకి బోనస్, ఇది ఏ లెక్క?

రైతుభరోసా మీద నా అభిప్రాయం ఇంత కటువు కాదు. ఎకరానికి సీజన్‌కి 6 వేలు చేతికిస్తే విత్తనమో మందో రైతే నిర్ణయించుకుంటాడు, ఎరువు మీద సబ్సిడీ కంటే ఇదే మేలు. కానీ డబ్బు పట్టా ఉన్నవాడికి పోతుంది, కౌలుకి చేసేవాడికి కాదు, పదెకరాలున్నవాడికి 60 వేలు. నా షాపుకి వచ్చే కౌలు రైతులు ఉద్దెర రాయించుకుంటారు, పట్టాదారు నగదు కడతాడు. తేడా కౌంటర్ మీదే కనిపిస్తుంది.

మార్కెట్ అన్నింటికీ జవాబు చెప్పదు, అది కూడా ఒప్పుకోవాలి. మహబూబ్‌నగర్ నుంచి బొంబాయి బస్సెక్కిన తరాలకి "మీకు గిరాకీ లేదు కాబట్టి కాలువ రాదు" అని ఎవరూ చెప్పలేరు. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలకి 2015లో 35,200 కోట్ల అంచనాతో శంకుస్థాపన చేశారు, నార్లాపూర్ దగ్గర మొదటి పంపు 2023 సెప్టెంబర్‌లో తిప్పారు, పొలాలకి కాలువలు ఇంకా కావాలి. ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమ గట్టు కాలువ) సొరంగం ఒప్పందం 2005 నాటిది, దాదాపు 44 కిలోమీటర్లు, 2025 ఫిబ్రవరిలో కప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకునే నాటికీ పూర్తి కాలేదు. నా కోపం ఇవి కడుతున్నందుకు కాదు, పది ప్రాజెక్టులకి పది ముక్కలు పంచి ఏదీ పూర్తి చేయనందుకు. పది చోట్ల యాభై అడుగులు తవ్వితే బోరు పడదు. కాబట్టి 4700 పద్దులో మీ ప్రాజెక్టు పేరు ఎదురుగా మూడేళ్ల కేటాయింపు, ఖర్చు పక్కపక్కన రాసి, మిగిలిన పని విలువని ఏడాదికి సగటున అయిన ఖర్చుతో భాగించండి. 20 ఏళ్లు అని తేలితే మీ ఎమ్మెల్యేని అడగాల్సిన ప్రశ్న మీకు దొరికినట్టే.

డబ్బు ఖర్చు లేని పనులు బడ్జెట్‌లో కనపడవు, వాటినీ ఒక కన్నేసి ఉంచండి. 2014 నాటి టీఎస్ ఐపాస్ చట్టం అలాంటిదే, యజమాని సొంత ధ్రువీకరణ మీద, గడువు పెట్టి పరిశ్రమలకి అనుమతులు ఇస్తుంది. ఇలాంటి ఒక్క చట్టం నాలుగు సబ్సిడీల పని చేస్తుందని నా లెక్క.

మార్చి తర్వాత పుస్తకం మూసేయకండి. సర్కారు లెక్కలు తనిఖీ చేసే కాగ్ వెబ్‌సైట్‌లో ప్రతి నెలా రాష్ట్రాల ఖాతాలు పెడతారు, అంచనాలో ఇప్పటికి ఎంత శాతం వచ్చింది, ఎంత ఖర్చయింది, ఎంత అప్పు తెచ్చారు అని. ఆరు నెలలకి ఆదాయం 50 శాతం దరిదాపుల్లో లేకపోతే, బిల్లులు ఆగబోతున్నాయని తెలుసుకోండి. రిజర్వ్ బ్యాంకు, రాష్ట్రాలు అప్పు తెచ్చుకునే బాండ్లని మామూలుగా మంగళవారాలు వేలం వేస్తుంది, ఆ ప్రకటన కూడా అందరూ చూడొచ్చు. నేను సోమవారం సాయంత్రం చూస్తా. బావకి పోయినసారి కొంత బిల్లు పడింది, మిగతాది ఎప్పుడని ఇప్పుడు ఆయనే నాకు ఫోన్ చేసి అడుగుతున్నాడు.