షాఫ్టు విప్పితే బండికి పట్టు ఉండదు: పాత కారు గేర్‌బాక్సును ఇంట్లో దింపేవారికి జాగ్రత్తలు

దసరా వాహనపూజకు సిద్ధం చేయాలని మా పట్టణంలో ఒక యువకుడు షెడ్డులో పడి ఉన్న అంబాసిడర్‌ను ఇంటి ముందుకు తెచ్చి, తానే గేర్‌బాక్సు దింపడానికి పూనుకున్నాడు. ముందు భాగాన్ని జాకీతో ఎత్తి, రెండు గట్టి స్టాండ్ల మీద నిలిపి, ఒకటో గేరు వేసి కిందికి దూరాడు. గేర్‌బాక్సు నుంచి వెనుక ఇరుసుకు తిప్పును చేరవేసే పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్టు బోల్టులు ఊడిన మరుక్షణమే బండి వెనక్కి కదిలి, స్టాండ్లు ఒరిగి, అతని తొడ ఎముక విరిగింది. స్టాండ్లు మంచివే, జాకీ కూడా మంచిదే. ప్రాణం దక్కిందని ఊరుకోకుండా, తప్పు ఎక్కడ జరిగిందో పాత బండ్లు విప్పే ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి.

అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. దాని గేర్‌బాక్సు ఎరిగిన మేస్త్రీలు తగ్గిపోతున్నందున, ఇంట్లోనే పానా పట్టేవారు పెరుగుతున్నారు. వట్టి జాకీ మీద నిలిచిన బండి కిందికి దూరకూడదనీ, ఇటుకల మీద బండిని నిలపకూడదనీ వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. నేను చెప్పదలచుకున్నది వేరు.

గేరులో ఉంచిన బండి ఎందుకు కదలదో ఆలోచించండి. వెనుక చక్రాలు తిరగాలంటే ఇరుసులో రెండు చక్రాలకూ తిప్పును పంచే డిఫరెన్షియల్, దాని ముందున్న ప్రొపెల్లర్ షాఫ్టు, గేర్‌బాక్సు, చివరకు ఇంజను కూడా తిరగాలి. ఆగి ఉన్న ఇంజను తన బిగువుతో ఆ చక్రాలను పట్టి ఉంచుతుంది. షాఫ్టు విప్పడమంటే ఆ పట్టును మన చేతులతో మనమే తెంచడం. లోపల గేరు పడే ఉంటుంది, గేర్ రాడ్డు కదలదు, కానీ చక్రాలకు దానితో ఏ సంబంధమూ మిగలదు. ఇక మిగిలేది హ్యాండ్‌బ్రేకు. ఏళ్లుగా కదలని బండిలో దాని తీగ తుప్పు పట్టి, లివరు పైకి లేచినా చక్రాన్ని పట్టని స్థితిలో ఉంటుంది.

ఇందులో మరో చిక్కు ఉంది. ఇరుసు దగ్గర షాఫ్టును బిగించే ఫ్లాంజికి (బోల్టులు పట్టే పళ్లానికి) ఉన్న నాలుగు బోల్టులలో కింది రెండూ సులువుగా అందుతాయి, పై రెండింటికి షాఫ్టును తిప్పాలి. షాఫ్టు తిరగాలంటే గేరు న్యూట్రల్‌కు రావాలి, ఒక వెనుక చక్రం గాలిలోకి లేవాలి, హ్యాండ్‌బ్రేకు కూడా వదలాలి. అంటే పని సాగాలన్న తొందరలో ఉన్న పట్టులన్నీ ఒక్కొక్కటిగా మనమే తీసేస్తాం. ఒక వెనుక చక్రం నేల విడిచాక గేరులో ఉంచినా లాభం లేదు, ఎందుకంటే డిఫరెన్షియల్ వల్ల గాలిలోని చక్రం ఎదురు తిరుగుతూ నేల మీది చక్రాన్ని దొర్లనిస్తుంది.

పాత విల్లీస్ జీపుల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. వాటి హ్యాండ్‌బ్రేకు చక్రాల దగ్గర కాక ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనుక ఇరుసులకు తిప్పును పంచే పెట్టె) వెనుక ఉంటుంది కనుక, వెనుక షాఫ్టు విప్పగానే గేరుతో పాటు హ్యాండ్‌బ్రేకు పట్టు కూడా పోతుంది.

కాబట్టి వాలు లేని సిమెంటు నేల మీదనే పని పెట్టుకోండి. వానలకు నానిన మట్టిలో స్టాండు కాలు దిగబడుతుంది. ముందుగా వెనుక చక్రాలకు ముందూ వెనుకా అడ్డుచెక్కలు బిగించి ముందు భాగాన్ని ఎత్తండి, తరువాత వెనుక ఇరుసు కింద కూడా స్టాండ్లు పెట్టి నాలుగు చక్రాలనూ నేల నుంచి లేపండి. పక్క నుంచి బండిని గట్టిగా తోసి చూసి, కదలలేదని నమ్మకం కుదిరాకే షాఫ్టును ముట్టుకోండి.

బ్యాటరీ ఎర్తు తీగను అన్నిటికంటే ముందు తీయండి, ఎందుకంటే స్టార్టరు బోల్టు విప్పే పానా దాని లావు తీగకు తగిలితే నిప్పులు చిమ్ముతాయి. గేర్‌బాక్సు కింది మౌంటు విప్పితే ఇంజను వెనక్కి వాలుతుంది కనుక, ఇంజను అడుగున ఉండే ఆయిల్ సంపు కింద చెక్క వేసి ముందే ఆనించండి. గేర్‌బాక్సును సగం లాగి, క్లచ్‌లోకి దూరిన దాని సొంత షాఫ్టు మీద వేలాడనీయకండి, ఆ బరువుకు క్లచ్ ప్లేటు వంకరపోతుంది. ఛాతీ మీదికి దింపుకోవడం ఎవరు చేసి చూపినా మీరు చేయకండి. పాత క్లచ్ ప్లేట్లలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు కనుక ఆ ధూళిని గాలితో ఊదకుండా తడిగుడ్డతో తుడవండి. పళ్లచక్రాలను పెట్రోలుతో కడగకండి, దాని ఆవిరి నేల వెంట పాకి ఎక్కడో ఉన్న నిప్పును అందుకుంటుంది. బేరింగును ఇనుప సుత్తితో కొట్టకండి. గేర్‌బాక్సు లోపల గేర్లు మార్చే సెలెక్టర్ షాఫ్టు లాగేటప్పుడు స్ప్రింగులూ గుండ్లూ ఎగిరివస్తాయి, రక్షణ కళ్లద్దాలు తీయకండి. ఉంగరం తీసేయండి. లుంగీతో కిందికి దూరకండి.

గేర్‌బాక్సునే మార్చి అయిదు గేర్లది వేసేవారు షాఫ్టును ఇంట్లో కోసి అతికించకండి. పొడవు, తిరిగేటప్పటి సమతూకం సరిచూసే లేతు షాపులోనే చేయించండి. వేగంలో ఊడిన షాఫ్టు ముందు కొస నేలకు గుచ్చుకుంటే బండి మీ అదుపులో ఉండదు. ఇంజను కూడా మారుస్తుంటే 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను వర్తిస్తుంది, ముందుగా రవాణా శాఖ అనుమతి తీసుకోండి. ఆయిల్ విషయంలో కారు పుస్తకం చెప్పినదే పోయండి. కొత్త రకమని జీఎల్-5 గ్రేడు గేర్ ఆయిల్ పోస్తే, గేర్లు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగులను అది తినేయవచ్చు.

పని అయ్యాక బండిని స్టాండ్ల మీద ఉంచి, ఇంజను నడిపి గేర్లు పరీక్షించకండి. బిగించేటప్పుడు కూడా షాఫ్టు నాలుగు బోల్టులూ పూర్తిగా బిగిసేవరకు ఒక్క స్టాండును గానీ ఒక్క అడ్డుచెక్కను గానీ కదపకండి. ఎవరు పిలిచినా, వాన వచ్చినా, చీకటి పడినా సరే, షాఫ్టు లేని బండిని స్టాండ్ల మీద నుంచి దింపి గేరు వేసి వదిలి వెళ్లకండి. దింపక తప్పకపోతే నాలుగు చక్రాలకూ అడ్డుచెక్కలు పెట్టి, షాఫ్టు లేదని కాగితం మీద రాసి స్టీరింగుకు కట్టి మరీ వెళ్లండి.