సప్రెసర్ బిగించిన కొత్త రైఫిల్‌తో రేంజ్‌కి వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

టెక్సస్‌లో రైఫిల్‌తో జింకల వేట మామూలుగా నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది. అందుకే అక్టోబరు వారాంతాల్లో డాలస్ చుట్టుపక్కల కాల్పులు సాధన చేసే రేంజ్‌లు కిటకిటలాడతాయి. సప్రెసర్ అంటే తుపాకీ గొట్టం (బ్యారెల్) మూతికి బిగించి పేలుడు శబ్దం తగ్గించే పరికరం. 1934 నుంచి దాని మీద ఉన్న 200 డాలర్ల ఫెడరల్ పన్ను 2026 జనవరి 1న సున్నా అయింది. దాంతో కొత్త రైఫిల్‌తో పాటే సప్రెసర్ కూడా తీసుకుందామనే ఆలోచన మనవాళ్లలోనూ పెరిగింది. పన్ను పోయింది కానీ రిజిస్ట్రేషన్ పోలేదు. వేలిముద్రలు, ఫోటో, ఏటీఎఫ్ (తుపాకులను నియంత్రించే ఫెడరల్ సంస్థ) అనుమతి అన్నీ మామూలే. ఆ అనుమతి పత్రం కాపీ వెంట ఉంచుకోండి.

అన్నిటికన్నా ముందు వీసా సంగతి. హెచ్-1బి, ఎఫ్-1, బి-2 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉండటం ఫెడరల్ నేరం. చట్టం దృష్టిలో సప్రెసర్ కూడా తుపాకీయే. "నాది కాదుగా, ఫ్రెండ్‌ది ఒక్క రౌండ్ కాల్చి ఇచ్చేస్తా" అంటే కుదరదు. రేంజ్‌లో అద్దెకు తీసుకున్నా అంతే. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. అవి మీకు వర్తిస్తాయో లేదో లాయర్‌ను అడిగాకే అడుగు వేయండి. గ్రీన్‌కార్డ్ ఉన్న అన్నయ్య "రారా, ఒకటి కాల్చు" అని పిలిచినా మొహమాటపడి తుపాకీ పట్టుకోకండి. ఇండియా నుంచి వచ్చిన నాన్నగారి చేతికి రైఫిల్ ఇచ్చి ఫోటో తీయడం అస్సలు వద్దు.

ఇక చెవులు. సినిమాల్లో వినిపించే 'ఫుస్' శబ్దాన్ని నమ్ముకుని వెళ్లకండి. 308 సైజు తూటా కాల్చే రైఫిల్ దాదాపు 165 డెసిబెల్స్‌తో పేలుతుంది. మంచి సప్రెసర్ అందులో 25 నుంచి 35 దాకా తగ్గిస్తుంది. అంటే ఇంకా 130 పైనే ఉంటుంది. 140 దాటితే ఒక్క పేలుడుకే వినికిడి శాశ్వతంగా దెబ్బతినొచ్చు. పైగా సప్రెసర్ పని బ్యారెల్ మూతి దగ్గర వాయువుల వేగం తగ్గించడం వరకే. ధ్వనికన్నా వేగంగా పోయే బుల్లెట్ గాలిని చీల్చే చప్పుడును అది ఆపలేదు. పక్క లేన్‌లో కాల్చేవాళ్లకు సప్రెసర్ ఉంటుందన్న నమ్మకమూ లేదు. ఇండోర్ రేంజ్ అయితే లోపల ప్లగ్స్, వాటి మీద మఫ్స్, రెండూ ఉండాల్సిందే.

అసలు జాగ్రత్త కావాల్సింది బిగించేటప్పుడు. తిప్పేటప్పుడు చెయ్యి బ్యారెల్ మూతి పక్కనే ఉంటుంది కదా. మ్యాగజైన్ తీసి, బోల్ట్ వెనక్కి లాగి, ఛాంబర్‌లోకి (తూటా కూర్చునే చోటు) కంటితో చూసి, చిటికెన వేలితో తడిమి ఖాళీ అని తేల్చుకోండి. బోల్ట్ యాక్షన్ అయితే బోల్ట్ పూర్తిగా బయటికి తీసేయడం ఇంకా మేలు. తర్వాత మరలు చూడండి. సప్రెసర్ మొదటి చుట్టు నుంచే సాఫీగా తిరగాలి. ఇసుక పడినట్టు గరగరలాడినా, పట్టేసినా బలవంతం చేయకండి. విప్పి, మరలు తుడిచి, మళ్లీ మొదలుపెట్టండి. చివరికి అది బ్యారెల్ మీది మెట్టుకు సందు లేకుండా ఆనాలి.

అప్పుడు అలైన్‌మెంట్ రాడ్ పెట్టండి. బ్యారెల్‌లోంచి సప్రెసర్ చివరి దాకా దూర్చే సన్నటి, తిన్నటి స్టీలు కడ్డీ ఇది. రంధ్రంలో కడ్డీ చుట్టూ సందు సమానంగా కనిపించాలి. ఒక పక్కకి ఒరిగితే మాత్రం ఆ రోజు సప్రెసర్ పక్కన పెట్టేయండి. బుల్లెట్ సప్రెసర్ లోపలి పలకలకు తగిలితే అది చీలిపోవచ్చు, ఆ ముక్కలు ఎటు వస్తాయో చెప్పలేం. సన్నటి 223 బుల్లెట్‌కు చేసిన సప్రెసర్‌లోంచి లావుపాటి 308 బుల్లెట్ కాల్చడం కూడా ఇలాంటి ప్రమాదమే.

మొదటిసారి ఒక్క రౌండే లోడ్ చేసి, 25 గజాల దగ్గర కాల్చండి. కాగితం మీద రంధ్రం గుండ్రంగా ఉండాలి. కోలగా చిరిగి ఉంటే బుల్లెట్ అడ్డం తిరుగుతోందని అర్థం, అక్కడితో ఆపేయండి. చప్పుడు మామూలుకన్నా బలహీనంగా వచ్చినా అంతే, బ్యారెల్‌లో బుల్లెట్ ఇరుక్కుని ఉండొచ్చు. అన్నీ సరిగ్గా ఉంటేనే 100 గజాలకు వెళ్లండి. సప్రెసర్ బరువుకు గుండు తగిలే చోటు కాస్త మారుతుంది. వేటకు ఎలా తీసుకెళ్తారో అలాగే బిగించి జీరో చేసుకోండి, అంటే గురిపెట్టిన చోటే గుండు తగిలేలా సరిచేసుకోండి.

ఏఆర్ (ఏఆర్-15 తరహా) రైఫిల్ వాడేవాళ్లకు ఒక గట్టి మాట. 300 బ్లాకౌట్, 223 అనే రెండు రకాల తూటాలూ ఒకే మ్యాగజైన్‌లో పడతాయి. 300 బ్లాకౌట్ తూటా 223 ఛాంబర్‌లోకి వెళ్లి పేలితే రైఫిల్ చేతుల్లోనే బద్దలవుతుంది. రెండూ ఒకే రోజు రేంజ్‌కి తేకండి. సప్రెసర్ ఉంటే ఏఆర్‌లో పొగ వెనక్కి, మొహం మీదకి కొడుతుంది. కళ్లద్దాలు తీయొద్దు.

వరసగా కాలిస్తే సప్రెసర్ వందల డిగ్రీల దాకా వేడెక్కుతుంది. చూడ్డానికి నల్లగా, మామూలుగానే ఉంటుంది, ముట్టుకుంటే చర్మం ఊడొస్తుంది. మధ్యమధ్యలో అది వదులైందేమో చూడాలంటే ముందు రైఫిల్ ఖాళీ చేసి, మందపాటి గ్లవ్స్ వేసుకోండి. చల్లారాకే బ్యాగ్‌లో పెట్టండి.

కాల్చిన పొగలో సీసం ఉంటుంది. చేతులు, మొహం చన్నీళ్లతో సబ్బు పెట్టి కడుక్కున్నాకే ఏదైనా తినండి. ఇంటికి రాగానే బట్టలు మార్చుకోండి, పిల్లల్ని ఎత్తుకోవడం ఆ తర్వాతే.

రేంజ్‌కి వాడే బ్యాగ్‌ను ప్రయాణాలకు వాడొద్దు. అడుగున మర్చిపోయిన ఒక్క తూటా హైదరాబాద్ ఎయిర్‌పోర్ట్ స్కానర్‌లో కనిపిస్తే 1959 ఆయుధాల చట్టం కింద కేసు దాకా వెళ్తుంది, టెక్సస్‌లో కొన్న రసీదు అక్కడ అక్కరకు రాదు. వేరే బ్యాగ్ లేకపోతే సూట్‌కేస్ సర్దే ముందు రోజే దాన్ని తిరగేసి దులపండి, లోపలి జిప్ అరలతో సహా.