ఉప్పు బదులు ఏం చల్లాలి: డ్రైవ్‌వే మీద ఐస్ కట్టినప్పుడు

మిన్నెసోటా, మిషిగన్, షికాగో, టొరంటో వైపు ఇల్లు కొన్నవాళ్లకు రాతి ఉప్పు సంగతి ఒక్క చలికాలంలోనే తెలిసిపోతుంది. చవకే, కానీ కారు అడుగు తుప్పు పడుతుంది, కాంక్రీటు పైపొర పెచ్చులు లేస్తుంది, అంచున గడ్డి మాడిపోతుంది. ఉప్పులోని క్లోరైడ్ ఒకసారి నీటిలో కలిస్తే ఇక విడిపోదు, నేరుగా చెరువుకు చేరుతుంది. పైగా మైనస్ 9 సెల్సియస్, అంటే 15 ఫారెన్‌హీట్ దిగితే ఆ ఉప్పు దాదాపు పనిచేయదు.

బదులు వెతికే ముందు మీకేం కావాలో తేల్చుకోండి. ఐస్ కరగాలా, అసలు నేలకు అంటుకోకూడదా, కాలు జారకుండా ఉంటే చాలా? మూడు పనులకూ మూడు వేరే సరుకులు. మూడూ చేసేది దుకాణంలో దొరకదు.

ముందు పార

మంచు పడుతుండగానే, రెండు మూడు అంగుళాలకు ఒకసారి తోసేయండి. కారు టైర్లు తొక్కాక అదే మంచు పలకలా బిగుసుకుంటుంది, అప్పుడు ఏం చల్లినా రెట్టింపు కావాలి. రోజూ ఒకేచోట ఐస్ కడుతుంటే పైకి చూడండి: చూరు గొట్టం నీళ్లు అక్కడే పడుతుంటాయి. గొట్టానికి నాలుగైదు అడుగుల పొడిగింపు తగిలించి నీళ్లను గడ్డిలోకి మళ్లిస్తే ఆ చోట చల్లాల్సిన అవసరమే తగ్గుతుంది.

జారకుండా: ఇసుక

చాలా ఇళ్లకు ఇదే చాలు. ఎంత చలిలోనైనా పనిచేస్తుంది, ఎందుకంటే ఇది కరిగించదు, పట్టు ఇస్తుంది అంతే. ప్లాస్టరింగ్‌కు జల్లించే సన్న ఇసుక పనికిరాదు, తడిసి బురదవుతుంది. స్లాబుకు వాడే ముతక ఇసుక, లేదా బేబీ చిప్స్ లాంటి సన్న కంకర కావాలి. బెర్లిన్‌లో ఇళ్లవాళ్లు ఉప్పు చల్లడం మామూలుగా నిషేధం, అక్కడ కాలిబాటల మీద చల్లేది ఇలాంటి కంకరే.

ఇసుకను పొడిగా, మూతున్న బకెట్‌లో గరాజ్‌లో ఉంచండి. తడి ఇసుక రాత్రికి రాయవుతుంది, పొద్దున మీకు అవసరమైన వేళకు బకెట్ ఆకారంలో ఒకే గడ్డ చేతికొస్తుంది. కరిగించే మందును, ఇసుకను ఒకేచోట చల్లకండి: ఐస్ కరిగితే ఇసుక అందులో మునిగిపోతుంది, రెండూ దండగ.

పిల్లి లిట్టర్, అంటే పెంపుడు పిల్లి మలమూత్రాల పెట్టెలో పోసే మట్టి, వాడమనే సలహా బాగా తిరుగుతుంది. అందులో ఉండకట్టే రకం బెంటోనైట్ అనే బంకమట్టి, తడిస్తే జిగురు బురద. ఐస్ కంటే అదే ఎక్కువ జారుతుంది. పొయ్యి బూడిద ఎండను పీల్చుకుని కాస్త కరిగిస్తుంది, కానీ చెప్పులకు అంటుకుని ఇల్లంతా తిరుగుతుంది.

అంటుకోకుండా: సీఎంఏ

పూర్తి పేరు కాల్షియం మెగ్నీషియం అసిటేట్. డోలమైట్ సున్నాన్ని ఎసిటిక్ ఆమ్లంతో కలిపి చేస్తారు. క్లోరైడ్ లేదు కాబట్టి ఇనుమును ఉప్పులా తినదు. దీన్ని ఐస్ మీద పోసి కరగలేదని తిట్టుకునేవాళ్లే ఎక్కువ. దీని పని అది కాదు. మంచు మొదలవకముందో, మొదలైన వెంటనేనో చల్లితే, పడే మంచు గట్టిపడకుండా తడి రవ్వలా విడివిడిగా ఉంటుంది, పార తగిలితే లేచి వస్తుంది. మైనస్ 7 సెల్సియస్ దాకా ఉన్న చలికే ఇది నప్పుతుంది. ధర ఉప్పుకు చాలా రెట్లు, అందుకని డ్రైవ్‌వే మొత్తానికి కాక మెట్లకు, గుమ్మం ముందు, నడిచే దారికి వాడండి.

కరిగించడానికి: క్లోరైడ్‌లు, యూరియా

మెగ్నీషియం క్లోరైడ్ సుమారు మైనస్ 15 దాకా, కాల్షియం క్లోరైడ్ మైనస్ 29 దాకా పనిచేస్తాయి. రెండూ క్లోరైడ్‌లే. బస్తా మీద ‘పెంపుడు జంతువులకు సురక్షితం’ అనుంటే దాన్ని నమ్మి ఊరుకోకుండా వెనక పదార్థాల జాబితా చదవండి. ఉప్పుకు వీటికి ఉన్న తేడా చలిని తట్టుకోవడమే, కాబట్టి గడ్డకట్టిన ఒక్క మూలకే వాడాలి.

కాల్షియం క్లోరైడ్ గాలిలో తేమను పీల్చుకుని, నీటిలో కలిసేటప్పుడు వేడి పుట్టిస్తుంది. చేతికి గ్లవ్ తప్పనిసరి. చదరపు గజానికి సుమారు 60 గ్రాములు, అంటే ఒక గుప్పెడు, మడిలో ఎరువు చల్లినట్టు విడివిడిగా. కుప్పపోస్తే అక్కడ గుంట పడుతుంది తప్ప పలక కదలదు. ప్రతి గింజా కిందికి చిన్న బొక్క చేసుకుంటూ కాంక్రీటు దాకా దిగుతుంది, ఆ నీరు పలక కింద పాకుతుంది. ఇరవై, ముప్పై నిమిషాలాగండి. అంచు దగ్గర తడి కనిపించగానే చదునైన పారను, పెనం మీద అట్టు అంచు లేచాక అట్లకాడ దూర్చినట్టు, కిందికి దూర్చి ఎత్తండి. మొత్తం కరిగేదాకా చల్లుతూ పోతే మందు మూడింతలవుతుంది. పని అయ్యాక మిగిలిన తడిని ఊడ్చేయండి, లేకపోతే జిడ్డులా జారుతుంది, బూట్లతో లోపలికి వచ్చి కార్పెట్‌కు మచ్చ పడుతుంది. బస్తా మూతి బిగించకపోతే వానాకాలానికి లోపల ద్రావణమే మిగులుతుంది.

యూరియా మనకు చేలో తెలిసిన సరుకే. మైనస్ 4 దాటితే మందగిస్తుంది, నత్రజని కాలువల్లోకి పోయి నాచు పెంచుతుంది. అమ్మోనియం నైట్రేట్, అమ్మోనియం సల్ఫేట్ ఎరువులు మాత్రం ముట్టకండి, అవి కాంక్రీటునే కొరుకుతాయి. కాంక్రీటు పోసి ఏడాది నిండకపోతే ఏ మందూ వద్దు, ఇసుకతోనే గడపండి.

వేడినీళ్లు పోస్తే అరగంటలో ఇంకా నునుపైన ఐస్ తయారవుతుంది. వెనిగర్ మైనస్ 2 దగ్గరే గడ్డకడుతుంది. చుట్టుపక్కల ఊళ్లలో రోడ్డు మీద బీట్ రసం చల్లుతారని వినే ఉంటారు. అది చక్కెర తీశాక మిగిలే ద్రవం. ఉప్పునీటిలో కలిపితే రోడ్డుకు అతుక్కుని ఉప్పు ఎగిరిపోకుండా చూస్తుంది, ఉప్పు తగ్గుతుంది కానీ పోదు. కూరకు తెచ్చిన బీట్‌రూట్‌ను మిక్సీలో వేయకండి.

మార్చిలో ఐస్ పోగానే ఇసుకను ఊడ్చి, ఎండబెట్టి, జల్లించి బకెట్‌లో పోసుకోండి. వదిలేస్తే మొదటి వానకే వీధి కాలువలోకి పోయి పూడుస్తుంది.