కొవిడ్ రోగి ఎల్‌ఎఫ్‌టీ కాగితం: ఇంట్లోవాళ్ళు చూడవలసింది, డాక్టరుకు చెప్పవలసింది

కొవిడ్‌తో ఆసుపత్రిలో చేరిన మనిషి ఫైలులో ఛాతీ స్కాను, సీఆర్‌పీ (ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఎంతుందో చెప్పే రక్తపరీక్ష) కాగితాల నడుమ ఎల్‌ఎఫ్‌టీ, అంటే కాలేయం (లివర్) పనితీరు చెప్పే రక్తపరీక్ష రిపోర్టు కూడా ఉంటుంది. అందులో ఎస్‌జీపీటీ (కాలేయ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము) ఎదుట పైకి చూపే బాణం గుర్తు కనబడగానే ‘లివర్ కూడా దెబ్బతిన్నదా’ అని అటెండెంటు హడలిపోవడం 2020లో గాంధీ ఆసుపత్రి నిండిపోయిన రోజుల్లోనూ ఉంది, అడపాదడపా వయసు మళ్ళినవారు, షుగర్ ఉన్నవారు ఇదే జబ్బుతో వార్డులో చేరుతున్న ఇప్పుడూ ఉంది. ఆ కాగితాన్ని ఇంట్లోవాళ్ళే కొంతవరకు చదువుకోవచ్చు.

ముందుగా అంకెను కాదు, దాని పక్కన ఆ ల్యాబు అచ్చువేసిన సాధారణ పరిమితిని చూడాలి, ఎందుకంటే ఆ పరిమితి ల్యాబును బట్టి మారుతుంది. ఎస్‌జీపీటీ, అటువంటిదే మరో ఎంజైము ఎస్‌జీఓటీ ఆ పరిమితికి రెండు మూడు రెట్ల లోపు పెరగడం కొవిడ్‌లో తరచుగా కనిపించేదే. ఒళ్ళంతా వ్యాపించిన లోలోపలి వాపు (ఇన్‌ఫ్లమేషన్), రక్తంలో ఆక్సిజన్ తగ్గడం, వాడుతున్న మందులు, ఇవన్నీ కలిసి ఆ పని చేస్తాయి, జబ్బు తగ్గేకొద్దీ అంకెలు చాలామందిలో వాటంతట అవే దిగివస్తాయి. ఎస్‌జీఓటీ మాత్రమే ఎక్కువగా ఉంటే అది కండరాలనుంచి కూడా వచ్చి ఉండవచ్చు, కండరాల దెబ్బను చూపే సీపీకే పరీక్షతో ఆ సంగతి కొంత తేలుతుంది. కాలేయం తయారుచేసే ప్రొటీన్ ఆల్బుమిన్ తగ్గిందంటే తిండి చాలక అనుకుని ప్రొటీన్ పొడి డబ్బాలు వార్డుకు మోసుకెళ్ళేవారున్నారు గానీ, తీవ్రమైన ఇన్ఫెక్షన్‌లో అది ఎక్కువగా ఆ లోలోపలి వాపు వల్లనే తగ్గుతుంది.

భయపడవలసింది వేరే కలయికకు. ఎస్‌జీపీటీ మూడు రెట్లు దాటి, దానితోపాటు బిలిరుబిన్ (పెరిగితే కామెర్లు తెచ్చే పసుపు పదార్థం) కూడా రెండు రెట్లు దాటినా, రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్‌ఆర్ 1.5 పైకి పోయినా, కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా, మనిషి మగతగా, పొంతన లేకుండా మాట్లాడినా మర్నాటి రౌండ్ల దాకా ఆగకుండా ఆ పూటే డ్యూటీ డాక్టరుకు చెప్పాలి.

ఒక్క రిపోర్టు కన్నా వరుస ముఖ్యం. ఒక తెల్లకాగితం మీద తేదీలు వేసి, ప్రతి తేదీ ఎదుట ఎస్‌జీపీటీ, బిలిరుబిన్, ఆ రోజు మొదలుపెట్టిన మందు పేరు రాసుకోండి. కొవిడ్ వైరస్ మీద పనిచేసే రెమ్డెసివిర్ మొదలుపెట్టే ముందు ఎల్‌ఎఫ్‌టీ చేయడం నియమం, ఎస్‌జీపీటీ పది రెట్లు దాటితే ఆ మందు ఆపాలా అని డాక్టర్లు ఆలోచిస్తారు. తీవ్రమైన ఇన్‌ఫ్లమేషన్‌ను అణచడానికి ఇచ్చే టోసిలిజుమాబ్ విషయంలోనూ ఇటువంటి జాగ్రత్తే ఉంది. మందు మొదలైన రెండు రోజులకు అంకె ఎగబాకితే, ఆ సంగతి ఫైలు తిరగేసే తీరిక లేని డాక్టరుకు మీ కాగితం ఒక్క చూపులో చెబుతుంది.

నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన పని, చేర్చేటప్పుడే పాత సంగతులు దాచకుండా చెప్పడం. మద్యం అలవాటు గానీ, రోజూ సాయంత్రం కల్లు గానీ ఉంటే మొహమాటపడకూడదు. టీబీ మందులు, కొలెస్టరాల్ మాత్రలు, కీళ్ళవాతం వంటి జబ్బులకు వాడే మెథోట్రెక్సేట్ వంటివి పట్టీలతో సహా చూపించండి. రోగనిరోధక శక్తి కోసమని తిప్పతీగ తాగించి ఉంటే అదీ చెప్పాలి. దాన్ని వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న ఉదంతాలను 2021లో ముంబయి వైద్యులు ప్రచురించారు, ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆ వాదనతో విభేదించింది, అయినా ‘చెట్టు మందేగా’ అని ఊరుకోవడం తగదు. జ్వరానికి ఇంట్లో వేసిన డోలో 650 లెక్క కూడా ఇవ్వాలి. ఆరు మాత్రలంటే 3.9 గ్రాముల పారాసెటమాల్, పెద్దవారికి రోజుకు 4 గ్రాములు గరిష్ఠ పరిమితి. కాలేయ జబ్బు ఉన్నవారికి, రోజూ తాగేవారికి డాక్టర్లు సాధారణంగా 2 గ్రాములు దాటనివ్వరు. జలుబు మాత్రల్లో కూడా అదే మందు కలిసి ఉంటుందని చాలామందికి తెలియదు.

హెపటైటిస్ బి ఉన్నదో లేదో తెలియకపోతే దాన్ని కనిపెట్టే హెచ్‌బీఎస్‌ఏజీ రక్తపరీక్ష చేశారా అని అడగండి. కొవిడ్‌లో ఇచ్చే స్టిరాయిడ్ డెక్సామెథాసోన్, ముఖ్యంగా టోసిలిజుమాబ్, నిద్రాణంగా ఉన్న ఆ వైరస్‌ను తిరిగి లేపే అవకాశం ఉంది, అదీ ఇంటికి వచ్చిన కొన్ని వారాలకో నెలలకో బయటపడవచ్చు. లివర్ మార్పిడి జరిగినవారు, కొత్త లివర్‌ను ఒళ్ళు తిరస్కరించకుండా వాడే టాక్రోలిమస్‌ను సొంతంగా ఆపకూడదు. కొవిడ్ మాత్ర పాక్స్‌లోవిడ్ ఇవ్వబోతుంటే టాక్రోలిమస్ వాడుతున్న మాట తప్పక గుర్తుచేయాలి, అది టాక్రోలిమస్ స్థాయిని ప్రమాదకరంగా పెంచుతుంది. ఎవరో చెప్పారని లివర్ టానిక్ బయటినుంచి తెచ్చి పట్టించడం మాత్రం వద్దు, అంకెలు మళ్ళీ పెరిగితే కారణం ఏదో తేల్చలేరు.

డిశ్చార్జి తరువాత రెండు నుంచి నాలుగు వారాల్లో ఎల్‌ఎఫ్‌టీ మళ్ళీ చేయించాలి. హైదరాబాద్ నగరంలో బస్తీ దవాఖానాలో రక్తం ఇస్తే తెలంగాణ డయాగ్నోస్టిక్స్ ద్వారా ఈ పరీక్ష ఉచితంగానే అవుతుంది. ఎక్కువ రోజులు ఐసీయూలో, వెంటిలేటర్ మీద ఉండి వచ్చినవారి విషయం వేరు: ఎస్‌జీపీటీ బాగానే ఉన్నా ఎల్‌ఎఫ్‌టీలోనే ఉండే మరో ఎంజైము ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ వారం వారం పెరుగుతూ, ఒళ్ళు దురద, కామెర్లు కనిపిస్తే పిత్తనాళాలు దెబ్బతిన్నాయేమో చూడాలి, అది అరుదైనదే గానీ మొండిది. అప్పుడు పసరు మందు కోసం తిరగకుండా ఉస్మానియా, గాంధీ, నిమ్స్ వంటి చోట గ్యాస్ట్రోఎంటరాలజీ ఓపీకి పాత రిపోర్టులన్నీ తీసుకుని వెళ్ళాలి. పిత్తనాళాలను చూపే ఎంఆర్‌సీపీ స్కాను అవసరమా అన్నది వారు నిర్ణయిస్తారు.