రికార్డు ప్లేయర్‌కి ఖరీదైన ఫోనో ప్రీఆంప్ ఎంచుకోవడం ఎలా?

రికార్డు నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ని పెంచే పెట్టే ఫోనో ప్రీఆంప్. అది లక్ష రూపాయలదైనా, ముల్లు ఉండే కార్ట్రిడ్జికి కుదరకపోతే, చక్కగా కుదిరిన పదివేల పెట్టె ముందు తేలిపోతుంది. అందుకే ఏది కొనాలో కార్ట్రిడ్జిని చూసి తేల్చుకోవాలి, సమీక్షలు చూసి కాదు.

1. కార్ట్రిడ్జి వివరాల కాగితం తీయండి. రకం (అయస్కాంతం కదిలే ఎం.ఎం. లేక కాయిల్ కదిలే ఎం.సి.), అవుట్‌పుట్, కాయిల్ విలువలు, కంపెనీ చెప్పిన లోడ్ (ప్రీఆంప్ వైపు నుంచి కార్ట్రిడ్జి మీద పడే రెసిస్టెన్స్, కెపాసిటెన్స్) రాసుకోండి.

2. గెయిన్, అంటే సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందో చూడండి. 3 నుంచి 5 మిల్లీవోల్టుల ఎం.ఎం.కి 40 డీబీ (డెసిబెల్‌లు), అంటే 100 రెట్లు చాలు. 0.3 మిల్లీవోల్టుల ఎం.సి.కి 60 నుంచి 64 కావాలి. తక్కువైతే వాల్యూమ్ పెంచినకొద్దీ సుయ్‌మంటుంది. ఎక్కువైతే గీత పడ్డచోట వచ్చే టక్కుకే ప్రీఆంప్ ఉక్కిరిబిక్కిరవుతుంది. ఎం.ఎం. ఇన్‌పుట్ 1 కిలోహెర్ట్జ్ దగ్గర 100 మిల్లీవోల్టులు తట్టుకోవాలి. 50 కూడా తట్టుకోనిది వద్దు.

3. లోడ్ కుదర్చండి. ఎక్కువమంది చెడగొట్టేది ఇక్కడే.

ఎం.ఎం.కి 47 కిలో ఓమ్‌లు ఎలాగూ ఉంటాయి. చిక్కంతా కెపాసిటెన్స్‌తో. ఆడియో టెక్నికా వీఎం95ఈ కాయిల్ 550 మిల్లీహెన్రీలు, దానికి 100 నుంచి 200 పికోఫారడ్‌లే ఉండాలి. ఈ లెక్కలో టోన్ ఆర్మ్ తీగ, కేబుల్, ప్రీఆంప్ ఇన్‌పుట్ మూడూ కలుస్తాయి. మొత్తం 150 అయితే కాయిల్ రెసొనెన్స్, అంటే శబ్దం ఉబ్బే చోటు, 17.5 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. 400 అయితే 10.7కి దిగుతుంది. అప్పుడు పాటలో ప్రతి 'స' బుసకొడుతుంది, ఆ పైన తాళాల మెరుపు చచ్చిపోతుంది. చాలామంది ఆ తప్పు కార్ట్రిడ్జి మీద వేసి దాన్ని మార్చేస్తారు.

హెడ్‌షెల్ ఊడదీసి, కేబుల్‌ని ప్రీఆంప్ నుంచి తప్పించి, కెపాసిటెన్స్ కొలిచే మల్టీమీటర్‌ని ప్లగ్ మధ్య పిన్నుకీ బయటి రింగుకీ పెట్టండి. కార్ట్రిడ్జి ఉండగా కొలిస్తే అంకె తప్పు వస్తుంది. పైగా ఆ సన్నటి కాయిల్‌లోకి మీటర్ కరెంటు పంపడం మంచిది కాదు. కేబుల్ ఒక్కటే 150 దాటితే పొట్టి కేబుల్ వేయండి. ప్రీఆంప్ ఇన్‌పుట్ 50 నుంచి మొదలై మార్చుకునే వీలుండాలి. 220 దగ్గర బిగించేసిన పెట్టె ఎంత ఖరీదైనా ఈ కార్ట్రిడ్జికి పనికిరాదు.

ఎం.సి.లో చూడాల్సింది రెసిస్టెన్స్. డెనాన్ డీఎల్-103 కాయిల్ 40 ఓమ్‌లు, లోడ్ 100కి తగ్గకూడదు. కాయిల్‌కి పదిరెట్లు, అంటే 400 దగ్గర మొదలుపెట్టి వింటూ తగ్గించండి. 100, 200, 400, 1000 స్థానాలు లేని ఎం.సి. ప్రీఆంప్ కొనకండి.

0.3 మిల్లీవోల్టులు, అంతకంటే తక్కువ వాటికి స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మరే సరైన దారి. కరెంటు సరఫరా అక్కర్లేకుండా 1:10 ట్రాన్స్‌ఫార్మర్ 20 డీబీ ఇస్తుంది, ఆ వెనక మంచి ఎం.ఎం. స్టేజి చాలు. కార్ట్రిడ్జికి కనిపించే లోడ్ ఎం.ఎం. స్టేజి 47,000 ఓమ్‌లని రేషియో వర్గంతో, అంటే 10×10 = 100తో భాగిస్తే 470 ఓమ్‌లు. రేషియో పెరిగితే ఇంకా మంచిదని 1:30 తగిలిస్తే అది 52కి పడిపోయి, సిగ్నల్‌లో 40 శాతం పైగా కాయిల్‌లోనే పోతుంది.

4. ఈక్వలైజేషన్. రికార్డు కోసేటప్పుడు తగ్గించిన బేస్‌ని, పెంచిన ట్రెబుల్‌ని ప్రీఆంప్ తిరిగి సరిచేసే కొలత ఆర్ఐఏఏ వక్రరేఖ. దానికి 0.3 డీబీకి మించి తేడా ఉండకూడదు. అది 1954లో వచ్చింది. అంతకుముందు కలకత్తా దగ్గరి డమ్‌డమ్ గ్రామఫోన్ ఫ్యాక్టరీలో అచ్చయిన 78 ఆర్‌పీఎం తెలుగు పాటలు వినేవాళ్లకి వేరే వక్రరేఖలు ఎంచుకునే స్విచ్ కావాలి. మోనో స్విచ్ మాత్రం అందరికీ ఉండాల్సిందే. పాత మోనో ఎల్పీల గరగర దాంతో బాగా తగ్గుతుంది.

5. ఇంట్లో హమ్ పరీక్ష. హమ్ అంటే కరెంటు లైన్ నుంచి వచ్చే 50 హెర్ట్జ్ మోత. ఆర్ఐఏఏ ఆ 50 హెర్ట్జ్‌ని దాదాపు 17 డీబీ ఎత్తుతుంది కాబట్టి ప్రీఆంప్‌ని ఆంప్లిఫయర్ ట్రాన్స్‌ఫార్మర్‌కి అడుగు దూరమైనా జరపండి. టర్న్‌టేబుల్ ఎర్త్ తీగ బిగించండి. ముల్లు ఎత్తి, రోజూ వినే వాల్యూమ్ పెట్టి, రోజూ కూర్చునే చోటే కూర్చోండి. హమ్ వినిపిస్తే ముందు పెట్టెల చోటు, ఆ తర్వాత ప్లగ్ పాయింటు మార్చి చూడండి. అయినా తగ్గకపోతే వాపసు గడువు దాటకముందే తిరిగి ఇచ్చేయండి.